నీళ్లు తిరుగుతున్నా కార్డు కాలుతోందా? ముందు రెండు తేడాలు చూడండి

(కర్నూలులో కంప్యూటర్ సర్వీసు పనివాళ్లు, సొంతంగా పీసీలు కట్టుకునేవాళ్లు కూడిన చోట చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. మధ్యలో అనుమానం వస్తే అప్పుడే అడగండి, చివరిదాకా దాచిపెట్టుకోవద్దు.

నేరుగా విషయానికొస్తా. కస్టమ్ వాటర్ కూలింగ్, అంటే విడి భాగాలు కొని మనమే బిగించుకున్న నీళ్ల కూలింగ్, పెట్టిన పీసీ. గేమ్ మొదలుపెట్టిన పావుగంటకల్లా గ్రాఫిక్స్ కార్డు 80 డిగ్రీలు చూపిస్తోంది. మామూలు ఫ్యాన్లతో వచ్చిన కార్డయితే దానికి కంగారు పడక్కర్లేదు. ఎన్విడియా కార్డులు చాలావరకు 83 డిగ్రీల చుట్టుపక్కల తమను తాము అదుపులో పెట్టుకునేట్టే వస్తాయి. కానీ చిప్పు మీద కూర్చునే బ్లాకు, నీళ్లని చల్లార్చే రేడియేటరు, పంపు, గొట్టాలు కలిపే ఫిట్టింగులు అన్నీ కొని, ఇంత చాకిరీ చేసి, చివరికి అదే అంకె చూస్తుంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతున్నట్టే.

అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఏంటి? నీళ్లు పారబోయడం, బ్లాకు ఊడదీయడం, చిప్పుకీ బ్లాకుకీ మధ్య పూసే పేస్టు మార్చడం. పొద్దున మొదలుపెడితే రాత్రవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే అదే 80. ఎందుకంటే జబ్బు పేస్టులో లేదు, ఫ్యాన్లు తిరగాల్సినంత తిరగడం లేదు. అందుకే ఈరోజు నేను గట్టిగా చెప్పేది ఒకటే: కొలవకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు.

కార్డు వేడి అనే ఒక్క అంకెతో ఏమీ తెలీదు. మూడు అంకెలు కావాలి. రేడియేటర్ పీల్చుకునే గాలి ఎంత వేడిగా ఉంది, లూపులో, అంటే పంపు తిప్పే నీళ్ల చుట్టులో, నీళ్లు ఎంత, కార్డు చిప్పు ఎంత. ఈ మూడింటి మధ్యా రెండు తేడాలుంటాయి. గాలికీ నీళ్లకీ మధ్య ఉన్నది మొదటి తేడా. నీళ్లకీ చిప్పుకీ మధ్య ఉన్నది రెండో తేడా. మొదటిది పెరిగితే రేడియేటర్, ఫ్యాన్లు, క్యాబినెట్ వైపు వెతకాలి. రెండోది పెరిగితే బ్లాకు, పేస్టు, మెమరీకీ బ్లాకుకీ మధ్య వేసే మెత్తటి ప్యాడ్లు, నీళ్ల ఒరవడి వైపు వెతకాలి. రెండూ సరిగ్గా ఉండి కూడా కార్డు వేడిగా ఉందంటే గది వేడిగా ఉందని అర్థం, కార్డుని తిట్టి లాభం లేదు.

ఇక అంకెలు. 300 నుంచి 350 వాట్లు తినే కార్డుకి, 360 ఎంఎం రేడియేటర్ రెండు ఉన్న లూపులో, ఫ్యాన్లు ఓ మోస్తరుగా తిరుగుతుంటే, మొదటి తేడా 8 నుంచి 10 డిగ్రీలు ఉండొచ్చు. ఒకే 360 అయితే 12, 15 దాకా పోవచ్చు. రెండో తేడా మంచి బ్లాకుకి 10 నుంచి 15. 20 దాటితే అనుమానించండి, 25 దాటితే ఖాయం.

ఇప్పుడు మన ఊరి లెక్క వేసుకుందాం. మే నెలలో బయట 42, 43. మిద్దె మీద గది, ఏసీ లేదు, లోపల 37 అనుకోండి. నీళ్లు 46, చిప్పు 60. ఇది ఆరోగ్యంగా ఉన్న లూపు. చలిదేశంలో ఎవరో 20 డిగ్రీల గదిలో కూర్చుని 43 అని స్క్రీన్‌షాట్ పెడతాడు. దాన్ని చూసి మనవాడు తన 60 పోయిందని బ్లాకు విప్పుతాడు. వాడి తేడాలూ మీ తేడాలూ ఒకటే, గది మాత్రమే వేరు.

గాలిని ఎక్కడ కొలవాలి? ఫోన్లో వాతావరణం యాప్ చూసి కాదు. రేడియేటర్ గాలి పీల్చే వైపు, నాలుగు వేళ్ల దూరంలో చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. గది మధ్యలో 35 ఉండి, టేబుల్ కింద గోడకి ఆనించిన క్యాబినెట్ దగ్గర 41 ఉండటం మామూలే. కొంతమంది కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి తలుపు కూడా వేస్తారు. వదిలిన వేడి గాలే మళ్లీ లోపలికి పోతుంటుంది. అక్కడ కొలిస్తే గానీ ఆ సంగతి తెలీదు.

నీళ్ల వేడికి సెన్సార్ కావాలి. ఖాళీగా ఉన్న పోర్టులో బిగించే సెన్సార్ ప్లగ్గులు దొరుకుతాయి, లోపల 10 కిలో ఓముల థర్మిస్టర్ ఉంటుంది. మదర్‌బోర్డు మీద రెండు పిన్నుల టెంపరేచర్ హెడర్ ఉంటే నేరుగా అందులో గుచ్చొచ్చు. మీ బోర్డు మీద ఆ హెడర్ ఉందో లేదో మాన్యువల్లో చూసుకుని కొనండి.

ప్రశ్న: అన్నా, సెన్సార్ లేదు, ఇప్పటికిప్పుడు తేలాలంటే ఎట్లా?

దానికి ఒక కిటుకు ఉంది. అరగంట లోడు పెట్టి, నీళ్లు పూర్తిగా వేడెక్కాక, లోడు ఠక్కున ఆపేయండి. చిప్పు చిన్నది, అది సెకన్లలో చల్లారుతుంది. లూపులో లీటరు నీళ్లు అంత తొందరగా చల్లారవు. కాబట్టి ఆపిన పది సెకన్లకి కార్డు చూపించే అంకె నీళ్ల వేడికి రెండు మూడు డిగ్రీల పైనే ఉంటుంది. 78 ఉన్నది పది సెకన్లలో 48కి పడిందనుకోండి, నీళ్లు 45, 46 ఉన్నట్టు. అంటే చిప్పుకీ నీళ్లకీ మధ్య 30కి పైనే. జబ్బు బ్లాకు దగ్గర. అదే 78 నుంచి 62కి పడి అక్కడే నిలబడిందంటే నీళ్లే 60 దగ్గర ఉన్నాయి. వెంటనే ఆపేయండి, దాని గురించి తర్వాత చెప్తా.

ఎక్కేటప్పుడు కూడా ఇదే లెక్క. లోడు పెట్టగానే ఐదారు సెకన్లలో 40 నుంచి 70కి ఎగిరితే బ్లాకు వైపు. 52 దగ్గర ఆగి, అక్కడి నుంచి అరగంట పాటు నిమ్మళంగా 75కి పాకితే రేడియేటర్ వైపు. వేడి, వేగం అన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ తెరిచి పెట్టుకోండి, గీత ఎట్లా ఎక్కిందో చూస్తేనే సగం పని అయిపోతుంది.

పరీక్ష చేసే పద్ధతి చెప్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. పంపు వంద శాతం మీద పెట్టండి. ఫ్యాన్లు కూడా ఒకే వేగం మీద కట్టేయండి, ఆటోలో వదలొద్దు. క్యాబినెట్ తలుపు మూసే ఉంచండి, రోజూ వాడేది అట్లాగే కదా. ఒకే గేమ్‌లో ఒకే సీను గానీ, కార్డుకి లోడు పెట్టే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ గానీ కనీసం అరగంట నడపండి. నీళ్ల వేడి ఐదు నిమిషాలపాటు కదలకుండా నిలబడిందంటే అప్పుడు రాసుకోవాలి. గాలి, నీళ్లు, చిప్పు, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), మెమరీ, వాట్లు, పంపు ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), ఫ్యాన్ ఆర్‌పీఎం. వాట్లు రాయడం చాలామంది మర్చిపోతారు. 200 వాట్ల దగ్గర 15 తేడా, 350 వాట్ల దగ్గర 15 తేడా ఒకటి కావు. వాట్లతో భాగించి పెట్టుకుంటే ఏ రోజు లెక్క ఏ రోజుతోనైనా పోల్చొచ్చు.

ముందు మొదటి తేడా సంగతి చూద్దాం, అది తేలిక.

నీళ్లు వేడెక్కుతున్నాయి, చిప్పుకీ నీళ్లకీ మధ్య తేడా మాత్రం బాగానే ఉంది. ఉదాహరణకి గాలి 36, నీళ్లు 55, చిప్పు 68. ఇక్కడ మొదట చూడాల్సింది ఫ్యాన్లు దేన్ని చూసి తిరుగుతున్నాయి అనేది. మదర్‌బోర్డు తనంతట తానుగా ఫ్యాన్లని ప్రాసెసర్ వేడిని బట్టి తిప్పుతుంది. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ తీరిగ్గా ఉంటుంది, కాలేది కార్డు. బోర్డు ప్రాసెసర్‌ని చూసి, అంతా బాగుందనుకుని ఫ్యాన్లని 600 ఆర్‌పీఎం దగ్గరే ఉంచుతుంది. నీళ్లు కాగుతుంటాయి. ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా గాలి కదలకపోతే ఏం చేస్తుంది? మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ల సోర్సుని నీళ్ల సెన్సార్‌కి మార్చండి. సెన్సార్ లేకపోతే ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కార్డు వేడికి కట్టేయండి, కాకపోతే అది ప్రతి సెకనూ ఎగిరి దూకుతుంది కాబట్టి ఓ నిమిషం సగటు తీసుకునేట్టు పెట్టండి. నీళ్లకి కట్టేటప్పుడు మన ఎండాకాలానికి సరిపడా గీయాలి. 30 డిగ్రీలకే ఫ్యాన్లు ఫుల్లుగా తిరిగేట్టు పెడితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా పీసీ ఊరికే మోగుతూనే ఉంటుంది. 38 దగ్గర మొదలై 50కి ఫుల్లయ్యేట్టు పెడితే సరిపోతుంది.

తర్వాత దుమ్ము. మనది మామూలు దుమ్ము కాదు. ఆదోని వైపు జిన్నింగు మిల్లుల దగ్గర పత్తి నూగు గాల్లో ఉంటుంది, అది రేడియేటర్ రెక్కల మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుంటుంది. పీకితే పొరలాగా ఊడొస్తుంది, అది నయం. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల పాలిష్ యూనిట్ల పక్కన ఉండేవాళ్లకి తెల్లటి పొడి. గది కూలర్ తేమ తగిలిందంటే ఆ పొడి రెక్కల మధ్య గట్టిపడుతుంది, బ్లోయర్‌తో కొడితే కదలదు. రేడియేటర్ ఊడదీసి, పోర్టులకి ప్లగ్గులు బిగించి, మెత్తటి బ్రష్షుతో, నీళ్ల ధారతో కడగాలి. గట్టిగా రుద్దితే రెక్కలు వంగుతాయి, వంగిన చోట గాలి ఆడదు. దుమ్ము ఎప్పుడూ ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ముఖం మీద పడుతుంది, బయట నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనపడుతుంది. టార్చి వేసి ఇటు నుంచి అటు వెలుతురు వస్తోందా చూడండి.

ఫ్యాన్ తిరగేసి బిగించారేమో కూడా చూడండి. ఒకే రేడియేటర్ మీద రెండు లోపలికి, ఒకటి బయటికి ఊదుతుంటే గాలి అక్కడక్కడే సుడి తిరుగుతుంది. పైన, ముందు, రెండు రేడియేటర్లు ఉన్నప్పుడు ముందుది వదిలిన వేడి గాలినే పైది పీల్చుకుంటుంది. వెనక ఒక ఫ్యాన్‌ని లోపలికి తిప్పితే పైదానికి కాస్త చల్లటి గాలి అందుతుంది.

నీళ్ల వేడికి హద్దు ఉంది. చాలా పంపులకి, ట్యూబులకి తయారీదారులు చెప్పే గరిష్ఠం 60 డిగ్రీలు. పీఈటీజీ అనే ప్లాస్టిక్ గొట్టాలు వేడికి మెత్తబడి ఫిట్టింగుల దగ్గర జారతాయి. 20 డిగ్రీల గదిలో ఉన్నవాడికి 60 చేరాలంటే 40 డిగ్రీల దూరం. మన 38 డిగ్రీల గదిలో 22 మాత్రమే. అందుకని నీళ్లు 50కి చేరితే హెచ్చరిక, 57కి పీసీ ఆగిపోయేట్టు పెట్టుకోండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో అలర్ట్ పెట్టొచ్చు, షట్‌డౌన్ కమాండ్ కూడా దానికి కట్టొచ్చు.

ఇక నీళ్ల ఒరవడి. దీన్ని పేస్టు జబ్బు అనుకుని మోసపోవడం చాలా సులభం, కాబట్టి కాస్త నిదానంగా వినండి.

ఒక కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4186 జౌళ్లు కావాలి. కార్డు 350 వాట్లు వదులుతోంది, నిమిషానికి ఒక లీటరు (గంటకి 60 లీటర్లు) పోతోంది అంటే, కార్డులోకి వెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ తేడా 5 డిగ్రీలు. గంటకి 200 లీటర్లయితే ఒకటిన్నర. 20 లీటర్లకి పడిపోతే 15. అందుకే గంటకి 150, 200 లీటర్లు పోతున్నంతసేపు ఏది ముందు, ఏది వెనక అనే గొడవ అనవసరం. ప్రాసెసర్ ముందా కార్డు ముందా అని పోట్లాడుకుంటారు, ఒక డిగ్రీ కోసం. గొట్టాలు ఎట్లా అందంగా కుదిరితే అట్లా వేసుకోండి. అట్లాగే 200 నుంచి 400కి పెంచినా దక్కేది ఒకటి రెండు డిగ్రీలే.

కానీ 40 కంటే కిందికి పోతే కథ మారుతుంది. రిజర్వాయర్‌లో సెన్సార్ 43 చూపిస్తుంది, చిప్పు 76. పేస్టు పోయిందనుకుంటాం. నిజానికి కార్డులో నీళ్లు 55 దగ్గర ఉన్నాయి. ఎట్లా తేల్చాలి? రెండు పరీక్షలు. ఒకటి, పంపుని వంద శాతం నుంచి యాభైకి తగ్గించి పది నిమిషాలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న లూపులో చిప్పు రెండు మూడు డిగ్రీలే పెరుగుతుంది. ఎనిమిది, పది ఎగిరితే ఒరవడి చాలడం లేదు. అసలు కదలకపోతే జబ్బు పేస్టు వైపే. రెండు, హాట్‌స్పాట్ చూడండి. చిప్పు సగటు వేడికీ హాట్‌స్పాట్‌కీ మధ్య 10 నుంచి 15 మామూలు. ఒరవడి తగ్గినా, బ్లాకు లోపల పూడిపోయినా ఈ రెండూ కలిసి పైకి పోతాయి, మధ్య దూరం పెద్దగా మారదు. బ్లాకు సరిగ్గా ఆనకపోతే, పేస్టు పక్కకి జరిగిపోతే, హాట్‌స్పాట్ ఒక్కటే ఎగిరిపోయి మధ్యన 25, 30 వస్తుంది. ఈ ఒక్క గుర్తు చాలు, బ్లాకుని కార్డు మీంచి ఊడదీయాలా, బ్లాకునే తెరిచి కడగాలా అనేది తేల్చడానికి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డుల్లో మామూలుగా హాట్‌స్పాట్ కనపడదు, వాళ్లు పంపు పరీక్షనే నమ్ముకోవాలి.

ఒరవడి ఎందుకు తగ్గుతుంది? మొదట పంపు ఏ హెడర్‌కి ఉందో చూడండి. మామూలు ఫ్యాన్ హెడర్‌కి ఉంటే బోర్డు దాన్ని కూడా ఫ్యానే అనుకుని నెమ్మదిగా తిప్పుతుంది. ఆర్‌పీఎం చూపిస్తోంది కదా అని ధీమా వద్దు, లోపల గాలి చిక్కుకున్నా ఇంపెల్లర్, అంటే పంపు లోపలి చక్రం, తిరుగుతూనే ఉంటుంది. నిజానికి గాలి పట్టినప్పుడు బరువు తగ్గి ఆర్‌పీఎం ఇంకా పెరుగుతుంది, గరగర శబ్దం వస్తుంది. మెత్తటి ట్యూబు కార్డు వెనక వంపు దగ్గర నొక్కుకుపోయిందేమో చూడండి, కొత్తలో బాగానే ఉండి ఎండాకాలం వేడికి మడత పడుతుంది. నీళ్లు కారకుండా గొట్టాన్ని విడదీసే క్విక్ డిస్‌కనెక్ట్ ఫిట్టింగు పూర్తిగా లాక్ కాకపోతే లోపలి వాల్వు సగమే తెరుచుకుంటుంది. గాలి పట్టినదయితే రిజర్వాయర్ మూత తీసి, క్యాబినెట్‌ని అటూ ఇటూ వంచి, పంపు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటే బుడగలు బయటికొస్తాయి. వంచేటప్పుడు పంపులోకి నీళ్లు అందకుండా పోకూడదు, ఎండు పంపు నిమిషాల్లో పాడవుతుంది.

ఇవన్నీ బాగుండి కూడా ఒరవడి తగ్గుతూ వస్తోందంటే బ్లాకు లోపల పూడింది.

బ్లాకు మూత తీస్తే లోపల రాగి రెక్కలు కనపడతాయి, పేన్ల దువ్వెన పళ్లలాగా, ఇంకా సన్నగా. చాలా బ్లాకుల్లో ఆ సందులు అర మిల్లీమీటరు కంటే తక్కువ. లూపులో ఏ చెత్త ఉన్నా వచ్చి ఆగేది ఇక్కడే. తెల్లగా, జిగురుగా, వేలికి అంటుకునేది ఉంటే అది మెత్తటి పీవీసీ ట్యూబు నుంచి కారిన ప్లాస్టిసైజరు. ట్యూబు మార్చకపోతే ఎన్నిసార్లు కడిగినా మళ్లీ వస్తుంది. ఈపీడీఎం రబ్బరు ట్యూబుకి మారండి, చూడ్డానికి నల్లగా ఉంటుంది గానీ పీడ పోతుంది. రంగు ముద్దలు ముద్దలుగా ఉంటే డై విడిపోయింది. పాలరంగులో మెరిసే ద్రవాలు ఫొటోలకి బాగుంటాయి, వాటిలో ఉన్నవి ఘన రేణువులు, ఇక్కడే పేరుకుంటాయి. నూలుపోగుల్లాగా పచ్చగా ఉంటే పాచి. ముదురు గోధుమరంగు నలకలు కొత్త లూపులోనే కనిపిస్తే అది రేడియేటర్ తయారీలో టంకం వేసేటప్పుడు వాడి మిగిలిన ఫ్లక్సు, బిగించేముందు వేడి నీళ్లతో రేడియేటర్ని కడగలేదన్నమాట. తెల్లటి పొక్కులు, బూడిదరంగు మడ్డి ఉంటే ఎక్కడో అల్యూమినియం ఉంది. రాగి బ్లాకూ అల్యూమినియం రేడియేటరూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేసుకుంటూ పోతుంది. మందులు వేసి ఆపుదామనుకోవద్దు, రేడియేటర్ మార్చాల్సిందే.

కడగడం ఎట్లా అంటే, మూత మీది స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయండి. కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు తీసి శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. మెత్తటి టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటరు, ఒక చుక్క గిన్నెల లిక్విడు. రెక్కల వెంట నిలువుగా రుద్దాలి, అడ్డంగా రుద్దితే వంగుతాయి. సూది పెట్టి గీకొద్దు. నికెల్ పూత ఉన్నదాన్ని వెనిగర్‌లో నానబెట్టొద్దు, పూత లేచిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు ఓ-రింగు గాడిలో పూర్తిగా కూర్చోవాలి, మెలి తిరిగితే కారుతుంది. రాయాలనుకుంటే సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి, బండికి వాడే గ్రీజు తగిలితే ఈపీడీఎం ఉబ్బిపోతుంది.

ఇప్పుడు హాట్‌స్పాట్ ఎగిరిన కేసు. గాలి 36, నీళ్లు 45, చిప్పు 72, హాట్‌స్పాట్ 101. ఇక్కడ బ్లాకు ఊడదీయక తప్పదు.

కరెంటు తీసి, నీళ్లు దించి, కార్డు బయటికి తీసి, బల్ల మీద పెట్టండి. విప్పాక వెంటనే తుడవొద్దు, ముందు ఫొటో తీయండి. చిప్పు మీద పేస్టు ఎట్లా పరుచుకుందో అదే జబ్బు ఏంటో చెప్తుంది. అంతటా పల్చగా, లోహం కనపడీ కనపడనట్టు ఉంటే ఒత్తిడి బాగుంది. మధ్యలో ఖాళీ అయి అంచులకి పేరుకుని ఉంటే పేస్టు పక్కకి జరిగింది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ చిప్పు కొంచెం వంగి లేస్తుంది, పల్చటి పేస్టుల్ని అట్లా బయటికి తోసేస్తుంది. ఒక మూల మందంగా, ఎదురు మూల పల్చగా ఉంటే స్క్రూలు ఒక పక్క నుంచి బిగించారు. అంతటా మందంగా, గోరుతో గీస్తే గాడి పడేంత ఉంటే బ్లాకు అసలు కిందికి దిగలేదు. ఎందుకు దిగలేదు? ప్యాడ్లు.

ప్యాడ్ల దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. బ్లాకు మాన్యువల్లో మెమరీకి 1 ఎంఎం అని ఉంటే, దుకాణంలో లేదని ఒకటిన్నర వేస్తారు. మందంగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు. ఆ అర మిల్లీమీటరు బ్లాకుని ఎత్తి పట్టుకుంటుంది, చిప్పుకి ఒత్తిడి అందదు. అప్పుడు మెమరీ చల్లగా ఉండి చిప్పు కాలుతుంది. ఉల్టాగా పల్చటి ప్యాడు వేస్తే చిప్పు బాగుండి మెమరీ కాలుతుంది. ఒకే బ్లాకులో మెమరీకి ఒక మందం, పవర్ సెక్షన్‌కి ఇంకో మందం ఉంటుంది. కార్డు తయారీదారు ఒకటే అయినా బోర్డు రివిజన్ మారితే ఎత్తులు మారొచ్చు. మందం ఒక్కటే కాదు, మెత్తదనం కూడా ముఖ్యం. ఒకటే 1 ఎంఎం అయినా గట్టి ప్యాడు నలగదు. ప్యాడు మీద మెమరీ చిప్పు ఆకారం అచ్చు పడిందా చూడండి, పడకపోతే తగలడం లేదు. ఇంకోటి, ప్యాడుకి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. ఒక వైపు తీసి రెండో వైపు మర్చిపోవడం అనుభవం ఉన్న చేతుల్లో కూడా జరుగుతుంది.

బిగించే పద్ధతి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చిప్పు, బ్లాకు రెండూ తుడవండి. ప్రాసెసర్‌కి మధ్యలో బఠాణీ గింజంత వేస్తే సరిపోతుంది గానీ కార్డు చిప్పుకి పైన మూత ఉండదు, అంచు దాకా పేస్టు చేరకపోతే ఆ మూలే హాట్‌స్పాట్ అవుతుంది. కాబట్టి అంతటా పల్చగా పరచండి. చిప్పు చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలని ముందు వేళ్లతో పట్టించండి. తర్వాత ఎదురెదురుగా, ఒక్కోదానికి సగం చుట్టు చొప్పున. ఆనిన తర్వాత బలం పెట్టొద్దు. దూరంగా ఉన్న స్క్రూలు చివర్లో. ఓపిక ఉంటే ఒకసారి బిగించి, విప్పి, అచ్చు చూసి, మళ్లీ పేస్టు వేసి బిగించండి. లూపు నింపాక తెలుసుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

పేస్టు బదులు హనీవెల్ పీటీఎం7950 షీటు వాడొచ్చు. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పరుచుకుంటుంది, పేస్టులాగా పక్కకి తోసుకుపోదు. మొదటి రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక గానీ అసలు ఫలితం రాదు, కాబట్టి మొదటి పది నిమిషాల అంకె చూసి విప్పెయ్యొద్దు. మన ఉడుకులో షీటు కాగితం నుంచి ఊడి రాక సాగుతుంది. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తీస్తే చక్కగా వస్తుంది.

ప్రశ్న: సార్, చిప్పు 58 ఉంది, మెమరీ ఒక్కటే 104. కార్డు 3090.

ఆర్‌టీఎక్స్ 3090కి మెమరీ చిప్పులు సగం వెనక వైపు ఉంటాయి. నీళ్ల బ్లాకు ముందు వైపే కదా. వెనక ఉన్నవి బ్యాక్‌ప్లేటు, అంటే కార్డు వీపు మీది రేకు, దాని మీదే ఆధారపడతాయి. ఆ జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది, మీకు ఆరు డిగ్రీలే మిగిలాయి. బ్యాక్‌ప్లేటుకీ మెమరీకీ మధ్య ప్యాడ్లు ఉన్నాయా, తగులుతున్నాయా చూడండి. ప్లేటు మీద 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి ఊదేట్టు పెడితే బాగా దిగుతుంది. నీళ్లు పోయే బ్యాక్‌ప్లేట్లు కూడా వస్తాయి, మీ బ్లాకు కంపెనీదే దొరికితే వేయొచ్చు. 3090 టీఐలో మెమరీ అంతా ముందు వైపుకే మార్చారు, దానికి ఈ బాధ లేదు.

ప్రశ్న: మా దగ్గర ఆర్ఓ ప్లాంటు నీళ్లు చాలా శుభ్రంగా ఉంటాయి. అవి పోయొచ్చా?

తాగడానికి శుభ్రం. లూపుకి కాదు. అనంతపురం, కర్నూలు బోరు నీళ్ల సంగతి బిందె అడుగున తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆర్ఓ దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీయదు. నీళ్లలో కరిగిన ఉప్పులు చూపించే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, పదుల్లో చూపిస్తుంది. లూపుకి సున్నా, ఒకటి ఉండాలి. బ్యాటరీ వాటర్ పేరుతో అమ్మే డబ్బాలు కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు, మీటరు పెట్టకుండా పోయొద్దు. ఉత్త డిస్టిల్డ్ వాటర్ కూడా చాలదు, తుప్పు పట్టకుండా, పాచి పట్టకుండా మందు కలపాలి. పీసీ కూలింగ్ కాన్సెంట్రేట్ కొనుక్కుని సీసా మీద ఉన్న కొలత ప్రకారం కలపండి, చుక్క ఎక్కువేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. నికెల్ పూత బ్లాకు ఉన్న లూపులో, పాచి పట్టకుండా కొందరు వేసే వెండి తీగ చుట్ట వేయొద్దు.

ప్రశ్న: రిజర్వాయర్‌లో ఐసు గడ్డలు వేస్తే?

వద్దు. మామూలు లూపులో నీళ్లు ఎప్పుడూ గది గాలి కంటే చల్లబడవు, కాబట్టి చెమ్మ పట్టదు. ఐసు వేస్తే గాలిలోని తేమ బ్లాకు మీద, కార్డు మీద నీళ్లుగా మారుతుంది. వానాకాలంలో మరీనూ. ఐసు కరగగానే మళ్లీ మొదటికే వస్తుంది, మధ్యలో నీళ్ల మందు కూడా పల్చబడుతుంది. గది చల్లబరచండి, అది న్యాయమైన పద్ధతి. మనది పొడి వేడి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి పెట్టాలి. కానీ దాని గాలి నేరుగా క్యాబినెట్‌కి కొట్టకూడదు, బోరు నీళ్ల తుంపర్లు పడితే ఉప్పు మిగులుతుంది. మూసిన గదిలో 500 వాట్ల పీసీ గంటల తరబడి నడిస్తే గదే వేడెక్కుతుంది. సాయంత్రం స్లాబు వేడి దానికి తోడు. రాత్రి తొమ్మిదింటికి కార్డు మధ్యాహ్నం కంటే ఎక్కువ చూపిస్తే అందులో వింతేమీ లేదు.

వాట్లు తగ్గించడం కూడా మర్చిపోకండి, దీనికి పైసా ఖర్చు లేదు. ఆర్‌టీఎక్స్ 4090 కంపెనీ లెక్క ప్రకారం 450 వాట్లు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 75 శాతానికి దించితే గేముల్లో వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి మాత్రం వంద వాట్లకి పైగా తగ్గుతుంది. రెండు తేడాలూ దాంతోపాటే దిగుతాయి. ఎండాకాలానికి ఒక ప్రొఫైల్, చలికాలానికి ఒకటి పెట్టుకోండి. కాకపోతే జబ్బు పట్టుకోకముందు ఇది చేయొద్దు, జబ్బు కనపడకుండా పోతుంది.

ప్రశ్న: అన్నా, మళ్లీ నింపాక కారుతుందేమోనని భయం.

కారకుండా చూసుకున్నాకే పీసీకి కరెంటు ఇవ్వండి. గాలి పంపుతో చేసే లీక్ టెస్టర్ ఉంటే అర బార్ దాకా పెట్టి పావుగంట చూడండి, ముల్లు కదలకూడదు. లేకపోతే పవర్ సప్లయ్ నుంచి మదర్‌బోర్డు, కార్డు వైర్లన్నీ తీసేసి, 24 పిన్నుల కనెక్టర్‌కి జంపర్ ప్లగ్ పెట్టి, పంపు ఒక్కటే నడపండి. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పేపరు. కొన్ని గంటలు వదిలేయండి. నింపేటప్పుడు పంపు కొన్ని సెకన్లే నడిపి ఆపి, రిజర్వాయర్ ఖాళీ అయ్యేలోపు మళ్లీ పోయాలి.

ప్రశ్న: ఏడాదికి ఒకసారి విప్పి కడగాల్సిందేనా?

క్యాలెండర్ చూసి విప్పొద్దు. నీళ్లు మాత్రం ఏడాదికి మార్చండి, రంగు ద్రవమైతే ఇంకా ముందే. లూపు కొత్తగా ఉన్నప్పుడు తీసిన అంకెలు ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే పరీక్ష, అవే వాట్ల దగ్గర. మొదటి తేడా నాలుగైదు పెరిగితే బ్లోయర్ తీసుకుని దుమ్ము కొట్టండి. రెండో తేడా నాలుగైదు పెరిగి, హాట్‌స్పాట్ దూరం మారకపోతే బ్లాకు తెరిచి కడగండి. హాట్‌స్పాట్ దూరం పెరిగితే పేస్టు. ఏదీ మారకపోతే ముట్టుకోకండి.